పగ తీర్చుకోవడం, న్యాయం తీర్చడం

‘‘అయ్యగారూ, మా నాన్న కేసు రాజీ చేసిన పెద్దల్లో మీరూ ఉన్నారంట. నిజమేనా?’’

కొన్నేళ్ల క్రితం ఒక సాయంత్రం మా ఇంటి గుమ్మంలో నిలబడి పందొమ్మిదేళ్ల కుర్రవాడు అడిగిన ప్రశ్న ఇది. మేము లోగడ సేవ చేసిన ఒక గ్రామ సంఘంలో పుట్టి పెరిగిన బిడ్డ. అతనికి నాలుగేళ్లప్పుడు పొలం గట్టు తగాదాలో తండ్రిని కొట్టి చంపారు. చూసినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఇద్దరు మా సంఘస్తులే. కేసు కోర్టులో విచారణకు వచ్చేలోపు ఊరి పెద్దలు కూర్చున్నారు. ఆ తల్లికి కొంత డబ్బు, అరెకరం పొలం ఇప్పించారు. హత్య కేసు చట్టప్రకారం రాజీకి వీలైనది కాదు. కాబట్టి ఊళ్లలో అలాంటి కేసు ‘రాజీ’ అయిందంటే సాక్షులు కోర్టులో మాట మార్చారని అర్థం. మార్చారు. కేసు కొట్టేశారు. ఆ రోజుల్లో ఆ విధవరాలి ఎదుట కూర్చుని, ‘క్షమించేయమ్మా, దేవుడే చూసుకుంటాడు’ అని చెప్పినది మేమే.

నిజమేనని ఒప్పుకున్నాం. అతను కోప్పడలేదు. కాసేపు నేలచూపులు చూసి, ‘‘సినిమాలో అయితే ఈపాటికి లెక్క తేలిపోయేదయ్యగారూ’’ అని వెళ్లిపోయాడు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అతను ఏదైనా అఘాయిత్యం చేస్తాడేమోనన్న భయం ఒకవైపు. ఆ పగకు విత్తనం వేసినవాళ్లలో మేమూ ఉన్నామన్న బాధ మరోవైపు.

మొదటి సగంలోనే చచ్చిపోయే న్యాయం

పగ కథలు మనకు కొత్త కాదు. 1999లో ‘సమరసింహారెడ్డి’ విజయం తర్వాత కొన్నేళ్లపాటు తెలుగు తెర మీద ఫ్యాక్షన్ కథలదే రాజ్యం. ఆ కథల వరస జాగ్రత్తగా గమనించండి. ఇంటర్వెల్‌కు ముందో వెనకో ఒక కుటుంబానికి ఘోరమైన అన్యాయం జరుగుతుంది. పోలీసు అమ్ముడుపోతాడు. సాక్షి భయపడి నోరు మూసుకుంటాడు. కోర్టు చేతులెత్తేస్తుంది. అప్పుడు కథానాయకుడు కత్తి పడతాడు, హాలంతా ఈలలతో మారుమోగుతుంది. మధ్యలో ఒక్క సాక్షి నిజం చెప్పినా, ఒక్క అధికారి తన పని తాను చేసినా సినిమా అక్కడితో అయిపోతుంది. పగ కథ మొదలవాలంటే ముందు న్యాయం చచ్చిపోవాలి.

ఈల వేసిన కుర్రాళ్లందరూ రక్తపిపాసులు కారు. ఇంటికి వెళ్లి అన్నం తిని బుద్ధిగా పడుకుంటారు. వాళ్లలో ఉన్నది న్యాయం కోసం దాహం. నీతి కోసం ఆకలిదప్పులు గలవారు ధన్యులని కొండమీద ప్రభువు చెప్పాడు (మత్తయి 5:6). ఆ దాహాన్ని మనిషిలో పెట్టినవాడు దేవుడే. అయితే దాహం వేసినవాడికి పగ ఇచ్చేది ఉప్పునీళ్లు. తాగినకొద్దీ దాహం పెరుగుతుంది.

దావీదు ఇంట్లో ఏం జరిగింది?

బైబిలులో పగ కథలను దాచలేదు. వాటిలో అత్యంత విషాదకరమైనది దావీదు ఇంట్లోనే జరిగింది (2 సమూయేలు 13-18 అధ్యాయాలు). పెద్ద కొడుకు అమ్నోను జబ్బుపడ్డట్టు నటించి, చెల్లెలి వరసైన తామారును తన గదికి రప్పించుకుని చెరిచాడు. ఆమె ఎంతగానో బతిమాలింది, రాజుతో మాట్లాడమని కూడా చెప్పింది. రాజు దగ్గర న్యాయం ఉంటుందన్న నమ్మకం అప్పటికి ఆమెకు ఉంది. అమ్నోను వినలేదు. పని అయ్యాక గెంటించి తలుపు గడియ వేయించాడు. ఆమె తలమీద బూడిద పోసుకుని, అంగీ చింపుకుని, బిగ్గరగా ఏడుస్తూ వెళ్లింది. అది దాచుకునే ఏడుపు కాదు. పదిమందికీ వినిపించాలని చేసిన ఫిర్యాదు అది.

ఆ ఫిర్యాదుకు ముగ్గురు మగవాళ్లు ఎలా స్పందించారు? సొంత అన్న అబ్షాలోము ఊరుకోమన్నాడు. అమ్నోను తలుపు వేసుకున్నాడు. తండ్రీ రాజూ అయిన దావీదుకు చాలా కోపం వచ్చిందని లేఖనం చెబుతోంది. ఆ తర్వాత అతను ఏం చేశాడన్నది లేదు, ఏమీ చేయలేదు గనుక. దీనికి ముందు అధ్యాయంలోనే నాతాను ప్రవక్త వచ్చి, ఒక ధనవంతుడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న కథ చెబితే ఇదే దావీదు మండిపడి, వాడు నాలుగంతలు చెల్లించాలని తీర్పు చెప్పాడు. కథలోని గొర్రెపిల్లకు న్యాయం చేయగలిగిన రాజు కన్నకూతురికి చేయలేకపోయాడు. బత్షెబ విషయంలో తాను చేసిన పాపం అతని గొంతుకు అడ్డుపడిందేమో!

రెండేళ్లు గడిచాయి. అబ్షాలోము మంచిగానీ చెడ్డగానీ అమ్నోనుతో మాట్లాడలేదు. తర్వాత గొర్రెల బొచ్చు కత్తిరించే పండుగకు పిలిచి, ద్రాక్షారసం మత్తులో ఉండగా పనివాళ్లతో చంపించాడు. సినిమా అయితే అక్కడ శుభం కార్డు పడేది. లేఖనం అక్కడ ఆగదు. అబ్షాలోము మూడేళ్లు పరదేశంలో దాక్కున్నాడు. తిరిగొచ్చాక మరో రెండేళ్లు తండ్రి ముఖం చూడలేదు. ఆ తర్వాత ఏం చేశాడో చూడండి. పొద్దున్నే లేచి పట్టణపు గుమ్మం దగ్గర నిలబడేవాడు. వ్యాజ్యాలతో వచ్చేవాళ్లను ఆపి, మీ మాట వినడానికి రాజు ఎవరినీ నియమించలేదని, తానే న్యాయాధిపతినైతే అందరికీ న్యాయం చేసేవాణ్ణని చెప్పేవాడు. జనం నమ్మారు. ఎందుకు నమ్మరు? రాజు ఇంట్లోనే న్యాయం జరగని సంగతి రాజ్యమంతా చూసింది. చివరికి అది తిరుగుబాటుగా మారి, ఎఫ్రాయిము అడవిలో ఒక్కరోజున ఇరవై వేలమంది చచ్చారు. మస్తకివృక్షానికి వేలాడుతున్న అబ్షాలోమును యోవాబు పొడిచాడు. తండ్రి గుమ్మం పైగదిలో కొడుకు పేరు పెట్టి ఏడ్చాడు.

ఈ కథంతా తామారు పేరున మొదలైంది. ఆమెకు ఏం కావాలని ఎవరూ అడగలేదు. అన్న ఇంట్లో దిక్కులేనిదై ఉండిపోయిందన్న మాట తర్వాత ఆమె గురించి ఇంకేమీ లేదు. పగ తీర్చుకున్నవాడికి పగ దక్కింది. అన్యాయం జరిగిన మనిషి మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. కథల్లోనైనా, ఊళ్లల్లోనైనా పగకూ న్యాయానికీ తేడా తెలుసుకోవడానికి మేము అప్పటినుంచి వాడుతున్న కొలబద్ద ఇదే. నష్టపోయిన మనిషి మాట విన్నారా, లేక ఆ మనిషి పేరు మాత్రం వాడుకున్నారా?

ధర్మశాస్త్రం గీసిన గీత

పగకు కొలత లేదు. ఆదికాండములోని లెమెకు ఒక గాయానికి బదులు ఒక మనిషిని చంపి, కయీనుకు ఏడంతలైతే తనకు డెబ్బది ఏడంతలని భార్యల ముందు గొప్పలు చెప్పుకున్నాడు (ఆది 4:23, 24). బైబిలులో నమోదైన మొదటి పగ పాట అది. ఇలాంటి ప్రపంచంలోకి వచ్చింది ‘కంటికి కన్ను’ అన్న నియమం (నిర్గమ 21:24). చాలామంది దీన్ని పగ సూత్రమనుకుంటారు. నిజానికి ఇది పగకు వేసిన కళ్లెం. కన్ను పోయినవాడు ప్రాణం తీయకూడదు, ఒక్కడు చేసినదానికి వంశాన్ని నరకకూడదు. అంతేకాదు, ఇది న్యాయాధిపతులకు ఇచ్చిన కొలత. ఎవరికి వారు కత్తి తీసుకోవడానికి ఇచ్చిన అనుమతి కాదు.

క్రీస్తుకు పూర్వం 18వ శతాబ్దంలో బబులోనును ఏలిన హమ్మురాబి శాసనాలలోనూ ఇలాంటి నియమం ఉంది. ఆ శాసనాలు చెక్కిన నల్లని రాతిస్తంభం 1901-02లో ఇరాన్‌లోని సూసా తవ్వకాల్లో దొరికింది. ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో పెద్దింటివాడి కన్ను పోగొడితే కన్ను తీస్తారు. బానిస కన్ను పోగొడితే వాడి వెలలో సగం యజమానికి చెల్లిస్తే చాలు. మోషే ధర్మశాస్త్రంలో దాసుని కన్ను పోగొట్టిన యజమాని వాణ్ణి స్వతంత్రుడిగా పంపేయాలి (నిర్గమ 21:26). హమ్మురాబి శాసనంలో కట్టిన ఇల్లు కూలి ఇంటి యజమాని కొడుకు చనిపోతే కట్టినవాడి కొడుకును చంపుతారు. తండ్రుల దోషానికి కొడుకులను చంపకూడదని ద్వితీయోపదేశకాండము 24:16 స్పష్టంగా చెబుతోంది.

ఆశ్రయపురాల ఏర్పాటు కూడా ఇలాంటిదే. యొర్దానుకు ఇటు మూడు, అటు మూడు, మొత్తం ఆరు పట్టణాలు. పొరపాటున మనిషి ప్రాణం తీసినవాడు అక్కడికి పారిపోవచ్చు. చచ్చినవాడి బంధువు అతని వెంటపడి వచ్చినా సమాజం ఎదుట విచారణ జరిగేదాకా ముట్టకూడదు. విచారణలో కావాలని చంపాడని తేలితే ఆశ్రయం లేదు. సంఖ్యాకాండము 35వ అధ్యాయంలో ఇవన్నీ చదివి ఎన్నోసార్లు ప్రసంగించాం. ఆ కుర్రవాడు వచ్చి వెళ్లిన రాత్రి అదే అధ్యాయం తీస్తే 31వ వచనం మా ముఖాన కొట్టింది. నరహంతకుని ప్రాణానికి బదులుగా విమోచనధనం తీసుకోకూడదని ఉందక్కడ. మనిషి ప్రాణానికి డబ్బు వెల కట్టి చాప కింద తోయకూడదని దేవుడు అన్నాడు. మేము అరెకరం పొలానికి తోసేశాం. పైగా దానికి క్షమాపణ అని పేరు పెట్టాం.

ఏథెన్సు కొండమీద

పగ నుంచి న్యాయానికి దారి వెతికినవాళ్లు వేరే జనాల్లోనూ ఉన్నారు. క్రీస్తుకు పూర్వం 458లో ఏథెన్సులో ఎస్కిలస్ అనే కవి మూడు నాటకాల వరసను ప్రదర్శించాడు. అగమెమ్నోను రాజు యుద్ధానికి వెళ్లడం కోసం కన్నకూతురిని బలి ఇస్తాడు. భార్య అందుకు అతణ్ణి చంపుతుంది. కొడుకు ఒరెస్టెస్ తండ్రి కోసం తల్లిని చంపుతాడు. ప్రతి ఒక్కరూ తమది న్యాయమే అంటారు. పగ దేవతలు ఒరెస్టెస్ వెంట పడతారు. చివరికి ఏథెన్సులోని అరేయొపగు కొండ మీద న్యాయసభ కూర్చుంటుంది, రెండు పక్షాల మాట వింటుంది, ఓట్లు వేస్తుంది. తరతరాల నెత్తుటి వరస అక్కడితో తెగిపోతుంది.

ఆ కొండ పేరు బైబిలు పాఠకులకు కొత్త కాదు. దాదాపు అయిదు వందల ఏళ్ల తర్వాత పౌలు నిలబడి మాట్లాడింది అరేయొపగులోనే (అపొ. కార్యములు 17వ అధ్యాయం). అక్కడ అతని ప్రసంగం ఎలా ముగిసిందో చూడండి. దేవుడు లోకానికి నీతితో తీర్పు తీర్చే ఒక దినాన్ని నిర్ణయించాడని, అందుకు నియమించిన మనిషిని మృతులలోనుంచి లేపి రుజువు ఇచ్చాడని చెప్పాడు. మనుషుల న్యాయసభకు పేరుపొందిన ఆ కొండమీద అంతిమ న్యాయసభ గురించి ప్రకటించాడన్నమాట.

ఒకే మాటకు రెండు ముఖాలు

మన తెలుగులో పగా తీరుస్తారు, న్యాయమూ తీరుస్తారు. తీర్పు అన్న మాట పుట్టింది కూడా తీర్చడంలోనుంచే. అయితే ఒక తేడా ఉంది. పగను మనం ‘తీర్చుకుంటాం’, న్యాయం మరొకరికి ‘తీరుస్తాం’. ఆ చివర చేరిన ‘కొను’లోనే ఉంది కిటుకంతా. పగలో వాదీ నేనే, సాక్షీ నేనే, న్యాయమూర్తీ నేనే, తలారీ నేనే.

కొత్త నిబంధన గ్రీకు మూలంలో ఇంకో విశేషం ఉంది. రోమా పత్రిక 12:19లో పగ అని మనం చదివేదీ, లూకా 18లో అన్యాయస్తుడైన న్యాయాధిపతి చుట్టూ తిరిగిన విధవరాలు అడిగిన న్యాయమూ ఒకే ధాతువునుంచి వచ్చిన మాటలు. అదే ధాతువు రోమా 13:4లో అధికారి గురించి చెప్పేచోటా ఉంది. పౌలు పత్రిక రాసినప్పుడు అధ్యాయాల విభజన లేదు. అది కొన్ని శతాబ్దాల తర్వాత వచ్చింది. పగను దేవుని ఉగ్రతకు విడిచిపెట్టమన్న కలమే, కొద్ది వాక్యాల తర్వాత కీడు చేసినవాణ్ణి శిక్షించడానికి అధికారి దేవుని సేవకుడని రాసింది. అంటే పౌలు చెప్పింది పగను దేవునికి విడిచి చేతులు ముడుచుకోమని కాదు. నీ చేతిలోనుంచి కత్తి తీసేసి, న్యాయపీఠం బరువును అక్కడ కూర్చున్నవాడి భుజాల మీద పెట్టాడు.

లూకా 18లోని విధవరాలు కత్తి పట్టలేదు, ఊరుకోనూ లేదు. వెళ్లిన గుమ్మానికే మళ్లీ మళ్లీ వెళ్లింది. ఆమెను ప్రభువు మందలించలేదు. ప్రార్థనకు మాదిరిగా మన ముందు నిలబెట్టాడు. మరి అలాంటి విధవరాలు మన సంఘంలో ఉంటే ఆమెను ఊరుకోమనే అధికారం మనకు ఎవరిచ్చారు? అది అబ్షాలోము మాట, క్రీస్తు మాట కాదు.

ఈ రెండూ కలిసి నడవడం మన దేశమే చూసింది. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్ గారినీ, ఆయన ఇద్దరు చిన్న కొడుకులనూ వాహనంలో నిద్రిస్తుండగా తగలబెట్టి చంపారు. కుష్ఠురోగుల మధ్య మూడు దశాబ్దాలకు పైగా సేవ చేసిన మనిషి ఆయన. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని చెప్పారు, బారిపదలో ఆ సేవను కొనసాగించారు. అయినా ఎవరూ కేసును చాప కిందికి తోయలేదు. విచారణ జరిగింది. 2003లో విచారణ కోర్టు ప్రధాన నిందితునికి మరణశిక్ష వేసింది. 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవ శిక్షగా మార్చింది. 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆమె క్షమాపణ ఆమె హృదయంలో జరిగిన పని. విచారణ దేశం చేయవలసిన పని. ఒకటి జరిగింది గనుక రెండోది అక్కర్లేదని ఎవరూ అనలేదు.

ప్రభువు కథలో రెండో సగం

ఇప్పుడు సువార్త కథను ఒకసారి పగ కథ లెక్కన చూడండి. డబ్బుకు అమ్ముడుపోయిన స్నేహితుడు ఉన్నాడు. అబద్ధ సాక్షులు ఉన్నారు. నిర్దోషి అని తెలిసీ చేతులు కడుక్కున్న అధికారి ఉన్నాడు. గుంపు అరుపులకు లొంగిపోయిన తీర్పు ఉంది. నేరం చేయనివాడు సిలువ మీద చనిపోయాడు. పగ కథకు కావలసిన మొదటి సగం అంతా ఇక్కడ ఉంది. మూడో రోజున ఆయన లేచాడు. మన సినిమా రచయిత చేతికి ఈ కథ ఇస్తే తర్వాతి సన్నివేశం కయప ఇంటి తలుపు దగ్గర మొదలవుతుంది.

ప్రభువు పిలాతు ఇంటికి వెళ్లలేదు, కయప ఇంటికీ వెళ్లలేదు. అలాగని జరిగినదాన్ని మరుగుపరచనూ లేదు. గాయాలు దాచుకోలేదు, తోమాకు చూపించాడు. యాభయ్యో రోజున అదే యెరూషలేములో పేతురు నిలబడి, మీరు ఆయనను చంపించారు, దేవుడు ఆయనను లేపాడు అని ముఖం మీదే చెప్పాడు (అపొ. కార్యములు 2వ అధ్యాయం). పునరుత్థానం ద్వారా దేవుడు ఆ కోర్టు తీర్పును కొట్టివేశాడు. హతుడు నిర్దోషి అని లోకం ముందు ప్రకటించాడు. ఆ తర్వాతే, ఆ నిజం గుండెల్లో గుచ్చుకుని మేమేం చేయాలని అడిగినవాళ్లకు మారుమనస్సూ క్షమాపణా ప్రకటించారు. ముందు నిజం, తర్వాత క్షమాపణ. ఈ వరస తిరగేస్తే క్షమాపణ బలవంతుడికి ముసుగవుతుంది.

ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగినప్పుడు ప్రభువు చెప్పిన లెక్క, గ్రీకులో చూస్తే, లెమెకు లెక్కే (మత్తయి 18:22). లెమెకు పగకు వాడిన సంఖ్యను ప్రభువు క్షమాపణకు వాడాడు. అయితే అదే అధ్యాయంలో అంతకు ముందు, తప్పు చేసిన సహోదరుణ్ణి గద్దించే పద్ధతి కూడా ఉంది. మొదట ఒంటరిగా, తర్వాత ఇద్దరు ముగ్గురు సాక్షులతో, ఆ తర్వాత సంఘం ఎదుట. మేము ఇరవై రెండో వచనం ఆ తల్లికి చదివి వినిపించాం. పదహారో వచనం సాక్షులకు చదవలేదు.

ఆ ఆదివారం

వారం తిరగకుండా ఆ ఊరు వెళ్లాం. ముందు ఆ తల్లిని కలిశాం. పదిహేనేళ్ల క్రితం అడగవలసిన ప్రశ్న అప్పుడు అడిగాం. ‘‘అమ్మా, నీకేం కావాలనుకున్నావు?’’ ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ‘‘ఆయన్ని చంపారు అని పదిమందిలో ఎవరైనా ఒక్క మాట అంటే చాలనుకున్నానయ్యగారూ. కాలుజారి పడ్డాడని రాసుకున్నారంట’’ అంది.

అక్కడి పాస్టరుగారి అనుమతితో ఆదివారం ఆరాధనలో నిలబడి, సంఘం ఎదుట మా తప్పు ఒప్పుకున్నాం. ఆ మనిషిని చంపారని, ఆ సంగతి తెలిసీ ఊరుకున్నామని, ఊరుకోమని చెప్పామని పేరుపేరునా చెప్పకపోయినా స్పష్టంగా చెప్పాం. సాక్షుల్లో ఒకరు అప్పటికే చనిపోయారు. రెండో ఆయన వృద్ధుడు, లేచి నిలబడి ఆ తల్లి దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు. కేసును తిరిగి నడిపించే వీలు ఏమైనా ఉందా అని వకీలును అడిగాం. ఎప్పుడో కొట్టేసిన కేసు, ఉన్న ఒక్క సాక్షీ వృద్ధుడు, ఆశ పెట్టుకోవద్దన్నాడు. అంటే ఆ కుటుంబానికి పూర్తి న్యాయం జరగలేదు. అది దేవుని న్యాయపీఠం ఎదుట ఇంకా పెండింగులోనే ఉంది. అక్కడ మా పేరు కూడా ఉందని మాకు తెలుసు.

కుర్రవాడు బయట వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. దగ్గరికి వెళ్తే, ‘‘అమ్మ ఇన్నాళ్లకు గట్టిగా ఏడ్చిందయ్యగారూ’’ అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆ తర్వాత అతను కత్తి పట్టలేదు. ఇప్పుడు పట్నంలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ తల్లిని చూసుకుంటున్నాడు. మా ప్రసంగం వల్ల మారాడని చెప్పం. తండ్రి చావుకు ఉన్న అసలు పేరు పదిమందిలో పలికినందుకు అతని గుండెబరువు కొంత దిగిందేమో అనుకుంటాం.

ప్రియ పాఠకులారా, మన కుటుంబాల్లో, మన సంఘాల్లో ‘పోనీలెమ్మా, మరిచిపో’ అని ఎవరి నోరు మూయించామో ఈ వారం ఒకసారి జ్ఞాపకం చేసుకుందాం. భూమిలోనుంచి హేబెలు రక్తం పెట్టిన మొర దేవుడు విన్నాడు. ఆయన వినేది మనం వినకపోతే ఆ మొర ఏదో ఒకరోజు అబ్షాలోము చెవిన పడుతుంది. అలా పడకముందే తామారు తలుపు తట్టి, అమ్మా నీకేం కావాలని అడుగుదాం.